విదేశాల్లో ఫ్యాషన్ డిజైన్: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు విద్యార్థులకు ఒక పోలిక

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగు ఇళ్లలో పిల్లలు ఫ్యాషన్ డిజైన్ చదువుతామన్నప్పుడు చర్చ దాదాపు ఎప్పుడూ ఊరి పేరుతోనే మొదలవుతుంది: లండన్ మంచిదా, మిలాన్ మంచిదా, న్యూయార్క్ అయితే ఎంతవుతుంది అని. ఈ ప్రశ్నలు అడగవలసినవే గాని, వీటికంటే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. ఈ రంగంలో ఏ పని చేసి బతకాలనుకుంటున్నారన్నది మొదటిది. విదేశానికి డిగ్రీకే వెళ్లాలా, ఇక్కడ డిగ్రీ ముగించుకుని పీజీకి వెళ్లాలా అన్నది రెండోది. ఈ రెండూ తేలితే దేశం ఎంపిక సగానికి పైగా దానంతటదే తేలిపోతుంది. తేలకపోతే ఎంత పేరున్న కళాశాలలో సీటు వచ్చినా మూడేళ్ల తర్వాత చేతిలో అప్పూ పట్టా తప్ప మరేమీ మిగలని పరిస్థితి రావచ్చు.

ఫ్యాషన్ డిజైన్ అని మనం ఒక్క మాటలో చెప్పేదాని లోపల చాలా వృత్తులున్నాయి. దుస్తుల రూపాన్ని ఊహించి గీసే డిజైనర్ ఒకరు. ఆ గీతను కొలతలుగా మార్చి, కాగితం మీద భాగాలుగా విడగొట్టి, ముడి గుడ్డతో నమూనా కుట్టి చూసే ప్యాటర్న్ కటర్ మరొకరు. గుడ్డనే రూపొందించే టెక్స్‌టైల్ డిజైనర్ పని వేరు. ఏ రకం ఎంత కొనాలో, ఏ ఫ్యాక్టరీలో కుట్టించాలో చూసే మర్చండైజర్ పని పూర్తిగా వేరు. మొదటి దానికి పోటీ అన్నిచోట్లా విపరీతం, ప్రారంభ జీతాలు అన్నిచోట్లా తక్కువ. మిగతా వాటికి పేరు తక్కువైనా పని దొరికే అవకాశం మెరుగు. చదువు చెప్పే సంస్థలు తమ ప్రచార పుస్తకాల్లో ర్యాంప్ షో ఫొటోలే వేస్తాయి గాని, కటింగ్ టేబుల్ ముందు నిలబడిన మనిషి ఫొటో వేయవు.

ఈ ప్రాంతపు పిల్లలకు టెక్స్‌టైల్ వైపు ఒక సహజమైన బలం ఉంది. రాజమహేంద్రవరం వైపు నుంచి తరాల కిందట వచ్చి బరంపురంలో స్థిరపడిన డేరా వర్గపు నేతకారుల చేతుల్లో రూపుదిద్దుకున్న బరంపురం పట్టుకూ, గుడి శిఖరం మొనల్లా ఉండే దాని ఫొడా కుంభ అంచుకూ భౌగోళిక గుర్తింపు ఉంది. కోరాపుట్ జిల్లాలో ఆల్ చెట్టు వేరు నుంచి తీసిన ఎరుపు రంగుతో నేసే కోట్‌పాడ్ వస్త్రానికి 2005లోనే ఆ గుర్తింపు వచ్చింది; రాయగడ జిల్లా నియమగిరి కొండల్లో డొంగ్రియా కొంధులు కుట్టే కపడాగండా శాలువాకు 2024లో వచ్చింది. సరిహద్దు దాటితే పొందూరు ఖద్దరు. లండన్ విద్యార్థి గ్రంథాలయంలో చదివి తెలుసుకునే సంగతులను మగ్గం పక్కన కూర్చుని చూడగలిగిన వారికి, దుస్తుల గీతలకంటే గుడ్డ తయారీ వైపు దరఖాస్తు చేసుకోవడం తెలివైన పని అని నా అభిప్రాయం. ఆ దారి ఎంచుకుంటే ఇటలీలో పట్టుకు పేరుపడ్డ కోమో, ఉన్నికి పేరుపడ్డ బియెల్లా, ఫ్రాన్స్‌లో పట్టు నగరం లియోన్ లెక్కలోకి వస్తాయి. కేవలం దుస్తుల డిజైన్ అనుకున్నప్పుడు ఈ పేర్లు ఎవరికీ గుర్తురావు.

డిగ్రీకా, పీజీకా

ఇంటర్ కాగానే విదేశానికి పంపడానికీ, ఇక్కడే నాలుగేళ్ల బీడిజైన్ డిగ్రీ తర్వాత పంపడానికీ ఖర్చులో తేడా చాలా ఉంటుంది. ఇక్కడ డిగ్రీ అంటే ముందు చూడవలసింది కేంద్ర ప్రభుత్వ సంస్థ నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ). అది 1986లో న్యూయార్క్‌లోని ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ సహకారంతోనే మొదలైంది. బోధన చట్రం విదేశీ విశ్వవిద్యాలయాలకు పరిచితమే. భువనేశ్వర్ నిఫ్ట్ బరంపురం నుంచి రైల్లో కొన్ని గంటల దూరం, హైదరాబాద్ నిఫ్ట్ రాత్రి బండి దూరం. భువనేశ్వర్ ప్రాంగణంలో ఒడిశా నివాసులకు ప్రత్యేకంగా కొన్ని సీట్లున్నాయి. చేతివృత్తుల వారి పిల్లలకు నిఫ్ట్‌లో వేరే ప్రవేశ వర్గం కూడా ఉంది. నేత కుటుంబాలవారు దీని సంగతి తప్పక విచారించుకోవాలి. నాలుగేళ్ల నిఫ్ట్ రుసుము మొత్తం కలిపినా లండన్‌లో ఒక్క ఏడాది రుసుములో సగానికి చేరదు.

డిగ్రీకే వెళ్లడంలో లాభం లేదని కాదు. పద్దెనిమిదేళ్ల వయసులో స్టూడియో వాతావరణంలో పడితే చేయి కుదిరే తీరు వేరు, పరిచయాలు వేరు. ఇంట్లో రుణం అవసరం లేనంత వెసులుబాటు ఉండి, పిల్లలు ఇంగ్లిష్ మాధ్యమంలో చదివి, ఇప్పటికే కుట్టుపని, గీత రెండూ వచ్చినవారైతే ఆ దారి సరైనదే. మిగిలిన వారికి, అంటే మన దగ్గర పదిలో తొమ్మిది ఇళ్లకు, డిగ్రీ ఇక్కడ, పీజీ అక్కడ అన్న వరుసే మంచిదని గట్టిగా చెప్పవచ్చు. పీజీ దశలో ఉపకార వేతనాలు ఎక్కువ, చదువు కాలం తక్కువ, ఏం కావాలో విద్యార్థికే స్పష్టంగా తెలిసే వయసు.

బ్రిటన్

సెంట్రల్ సెయింట్ మార్టిన్స్, లండన్ కాలేజ్ ఆఫ్ ఫ్యాషన్ రెండూ యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్ లండన్ కిందివే. మొదటిది ఊహకూ ప్రయోగానికీ, రెండోది వృత్తిలోని అన్ని విభాగాలనూ విడివిడిగా నేర్పడానికీ పేరుపడ్డాయి. ఇక్కడ పరీక్ష మార్కులకంటే పోర్ట్‌ఫోలియో, అంటే విద్యార్థి తన పనులను కూర్చి చూపే సంకలనం, ముఖ్యం. డిగ్రీకి సాధారణంగా ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలో 6.0 అడుగుతారు, ఏ విభాగంలోనూ 5.5కు తగ్గకూడదు. డిగ్రీ మూడేళ్లు. అయితే ముందు ఒక ఏడాది ఫౌండేషన్ అనే సన్నాహక కోర్సు చదివి రావాలని కళాశాల అనవచ్చు కాబట్టి నాలుగేళ్లకు లెక్క వేసుకోవడం క్షేమం. విదేశీ విద్యార్థి రుసుము ఏడాదికి 30 వేల పౌండ్లకు అటూ ఇటూ ఉంది. పౌండు 115 రూపాయలనుకున్నా అది 34 లక్షలు దాటుతుంది. దానికి తోడు లండన్ జీవన వ్యయం కింద నెలకు సుమారు 1,500 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల సొమ్ము 28 రోజులపాటు ఖాతాలో చూపాలి, ఆరోగ్య రుసుము ఏడాదికి 776 పౌండ్లు ముందే కట్టాలి.

వీసా షరతుల్లో ఒకటి ఫ్యాషన్ విద్యార్థులకు ప్రత్యేకంగా తగులుతుంది. చదువుకునే రోజుల్లో వారానికి 20 గంటలు జీతం పని చేయవచ్చు గాని సొంత వ్యాపారం చేయకూడదు, ఫ్రీలాన్స్ పనీ చేయకూడదు. ఇంటి నుంచి బరంపురం పట్టు తెప్పించి జాకెట్లు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్ముకుంటానన్న ఆలోచన ఎంత బాగున్నా, ఆ వీసా మీద అది నిషిద్ధం. చదువు పూర్తయ్యాక ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాలో అందుకు వీలుంది. కానీ ఇన్నాళ్లూ రెండేళ్లుగా ఉన్న ఆ వీసా గడువు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే డిగ్రీ, పీజీ విద్యార్థులకు 18 నెలలకు తగ్గుతుంది. ఆ తర్వాత నిలవాలంటే నైపుణ్య ఉద్యోగుల వీసా కావాలి. 2025 జూలై నుంచి దానికి సాధారణ కనీస వేతనం ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తగా ఉద్యోగంలో చేరేవారికి కొంత తగ్గింపు ఉన్నా, ప్రారంభ స్థాయి డిజైనర్ జీతానికి అది కూడా ఎత్తైన గోడే. కాబట్టి బ్రిటన్‌ను చదువు కోసం ఎంచుకోవచ్చు, పేరు కోసం ఎంచుకోవచ్చు. అక్కడే సంపాదించి అప్పు తీర్చుదామన్న లెక్కతో మాత్రం ఎంచుకోకూడదు.

ఇటలీ

ఇటలీలో రెండు లోకాలున్నాయి, వాటిని కలిపి మాట్లాడటం వల్లే మన ఇళ్లలో గందరగోళం వస్తోంది. 1935లో మిలాన్‌లో మొదలైన మరంగోని, ఫ్లోరెన్స్‌లోని పోలిమోడా, మిలాన్‌లోని నాబా వంటివి ప్రైవేటు సంస్థలు. ఇంగ్లిష్‌లో బోధిస్తాయి, పరిశ్రమతో దగ్గరి సంబంధాలున్నాయి, రుసుములు ఏడాదికి లక్షల్లో, చాలాచోట్ల బ్రిటన్‌కు పెద్దగా తగ్గకుండా ఉంటాయి. ఏజెంట్లు చూపించేవి ఎక్కువగా ఇవే, ఎందుకంటే వారికి కమిషన్ వచ్చేది ఇక్కడే.

రెండో లోకం ప్రభుత్వ విశ్వవిద్యాలయాలది. పాలిటెక్నికో ది మిలానోలో ఫ్యాషన్‌కు సంబంధించిన మాస్టర్స్ ఇంగ్లిష్‌లో ఉంది, డిగ్రీ మాత్రం ఇటాలియన్ భాషలో. అక్కడి రుసుము కుటుంబ ఆదాయాన్ని బట్టి మారుతుంది. గరిష్ఠంగా కట్టినా ఏడాదికి నాలుగు వేల యూరోల లోపే, అంటే సుమారు నాలుగు లక్షల రూపాయలు. దీనికి మించి, ప్రాంతీయ ప్రభుత్వాలు ఆదాయం తక్కువున్న విద్యార్థులకు రుసుము మినహాయింపు, నగదు, భోజన సౌకర్యం కలిపి ఇచ్చే ఉపకార వేతనం ఒకటుంది. విదేశీయులూ దీనికి అర్హులే. మొదటి ఏడాది ఆదాయాన్ని బట్టి ఇస్తారు, తర్వాత కొనసాగాలంటే నిర్ణీత సంఖ్యలో క్రెడిట్లు పూర్తిచేయాలి. తహశీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, ఇల్లూ పొలం వివరాలు, బ్యాంకు నిల్వ, ఇవన్నీ ఇటాలియన్‌లోకి అనువదించి, చట్టబద్ధం చేయించి పంపాలి. మన పత్రాలు ఒడియాలో ఉంటే ముందు ఇంగ్లిష్‌కు, అక్కడి నుంచి ఇటాలియన్‌కు రెండు మెట్ల పని అవుతుంది. దీనికి నెలల సమయం పెట్టుకోవాలి, ప్రవేశ పత్రం వచ్చాక మొదలుపెడితే గడువు దాటిపోతుంది.

ఇటలీ చేరిన ఎనిమిది పనిదినాల్లో నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి. చదువుకుంటూ వారానికి 20 గంటలు పని చేయవచ్చు. గుర్తింపు పొందిన డిగ్రీ పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 12 నెలల దాకా అనుమతి దొరుకుతుంది. ఈ ‘గుర్తింపు పొందిన’ అన్న షరతు చూసుకోకుండా ప్రైవేటు సంస్థల డిప్లొమాల్లో చేరినవారు చదువు చివర ఇబ్బంది పడతారు. ఆ కోర్సుకు ఇటలీ విశ్వవిద్యాలయ మంత్రిత్వ శాఖ గుర్తింపు ఉందా అన్నది రుసుము కట్టకముందే రాతపూర్వకంగా అడగండి. ఇక భాష: తరగతి ఇంగ్లిష్‌లో జరిగినా, ఇంటర్న్‌షిప్ ఇచ్చే వర్క్‌షాపులో మాస్టర్ ఇటాలియన్‌లోనే మాట్లాడతాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ కలిపి మాట్లాడుతూ పెరిగిన పిల్లలకు మరో భాష అంత భయపడవలసిన విషయం కాదు.

ఫ్రాన్స్, జర్మనీ, అమెరికా, మరికొన్ని

ప్యారిస్‌లో ఎకోల్ ద లా శాంబ్ర్ సాందికాల్ 2019లో కలిసిపోయాక ఇన్‌స్టిట్యూట్ ఫ్రాన్సే ద లా మోడ్ అక్కడి ప్రధాన సంస్థ అయింది. 1841లో మొదలైన ఎస్మోద్ కుట్టుపని పునాదికి పేరున్నది. ప్యాటర్న్ కటింగ్, చేతికుట్టు మీద ప్రేమ ఉన్నవారికి ప్యారిస్‌కు సాటి లేదు. అయితే ఫ్రెంచ్ రాకుండా అక్కడి అతెలియేల్లో (కుట్టు వర్క్‌షాపుల్లో) నిలదొక్కుకోవడం కష్టం, ప్రైవేటు పాఠశాలల పట్టాలన్నీ ప్రభుత్వ డిగ్రీలు కావు, చదువు తర్వాత ఉండే అనుమతి మాస్టర్స్ స్థాయికే ప్రధానంగా వర్తిస్తుంది. పీజీకి అయితే ఆలోచించండి, డిగ్రీకి వద్దు.

జర్మనీని మన వైపు ఫ్యాషన్‌కు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వస్త్ర సాంకేతికత వైపు చూసేవారికి అది పొరపాటు. మోన్షెన్‌గ్లాడ్‌బాఖ్‌లోని హోఖ్‌షూలె నీడర్‌రైన్, రాయిట్లింగెన్ విశ్వవిద్యాలయం ఈ రంగంలో పేరున్న ప్రభుత్వ సంస్థలు. చాలా రాష్ట్రాల్లో బోధనా రుసుము లేదు. రాయిట్లింగెన్ ఉన్న బాడెన్ వుర్టెంబెర్గ్‌లో మాత్రం ఐరోపా బయటివారు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు ప్రత్యేక ఖాతాలో ముందే వేయాలి, భారతీయ విద్యార్థులకు చదువు పత్రాలను సరిచూసి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం తప్పనిసరి. డిగ్రీకి మన ఇంటర్ ఒక్కటే సాధారణంగా సరిపోదు, పైగా డిగ్రీలు ఎక్కువగా జర్మన్‌లోనే. కాబట్టి ఇదీ పీజీ దారే. చదువు తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలిస్తారు. ర్యాంప్ మెరుపులు తక్కువ, ఉద్యోగం పట్టు ఎక్కువ.

అమెరికాలో పార్సన్స్ ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 55 వేల డాలర్లు దాటుతుంది. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవస్థలోని ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో బయటివారి రుసుము అందులో సగం కంటే తక్కువ, అక్కడ ముందు రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ, ఆపై రెండేళ్ల డిగ్రీ అన్న పద్ధతి ఉంది. చదువయ్యాక పని చేయడానికిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు. ఇంజనీరింగ్ చదివిన బంధువుల పిల్లలకు దొరికిన 24 నెలల అదనపు గడువు ఫ్యాషన్ డిజైన్ పట్టాకు వర్తించదు. టెక్స్‌టైల్ ఇంజనీరింగ్‌కు వర్తిస్తుంది. “మా తమ్ముడి కొడుకు మూడేళ్లు ఉన్నాడు కదా” అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. నార్త్ కరోలైనా స్టేట్ విశ్వవిద్యాలయంలో వస్త్ర శాస్త్రానికి ప్రత్యేక కళాశాలే ఉంది. గణితం, రసాయనశాస్త్రం బాగా వచ్చిన పిల్లలు పార్సన్స్ కంటే దాన్నే ముందు చూడాలి. వీసా ఇంటర్వ్యూకు ఒడిశా వాసులు కూడా హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోకే వస్తారు.

కెనడాలో 2024 నవంబరు 1 నుంచి స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసేవారి కళాశాల డిప్లొమాలకు, నిర్ణీత రంగాలైతేనే చదువు తర్వాత పని అనుమతి. ఫ్యాషన్ ఆ జాబితాలో లేదు, బ్యాచిలర్ డిగ్రీకి ఆ నిబంధన లేదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లోని ఆర్‌ఎంఐటీ మంచి సంస్థే గాని వీసా దరఖాస్తు రుసుమే 2,000 ఆస్ట్రేలియా డాలర్లకు చేరింది, దొరక్కపోతే అది తిరిగి రాదు. టోక్యోలోని బుంకా ఫ్యాషన్ కాలేజ్‌కు జపనీస్ భాష బాగా రావాలి. ఆంట్‌వెర్ప్ రాయల్ అకాడమీ అసాధారణ ప్రతిభ ఉన్నవారికి; అలాంటివారికి ఈ వ్యాసం అవసరం ఉండదు.

డబ్బు, నివాసం

సరిహద్దు కుటుంబాలు తరచూ దెబ్బతినేది ఇక్కడే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల విదేశీ విద్యా సహాయ పథకాల గురించి బంధువుల ద్వారా విని మనకూ వస్తుందనుకుంటారు. అవి ఆ రాష్ట్రాల నివాసులకే. ఇచ్ఛాపురంలో ఉన్న మేనమామ పిల్లలకు వర్తించేది బరంపురంలో ఉన్న మనకు వర్తించదు. ఇంట్లో తెలుగు మాట్లాడటం నివాస ధ్రువపత్రానికి సరిపోదు. మనకు ఉపయోగపడేవి కేంద్ర పథకాలు. సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో షెడ్యూల్డ్ కులాలతో పాటు భూమిలేని వ్యవసాయ కూలీలకు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలకు కూడా అర్హత ఉంది. పీజీ, పీహెచ్‌డీలకే ఇస్తారు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు మించకూడదు, వయసు 35 లోపు ఉండాలి. ఒక జాగ్రత్త: 2022 నుంచి భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర అంశాలపై చదువుకు ఇది వర్తించడం లేదు. కాబట్టి ‘బరంపురం పట్టు చరిత్ర’ అని రాస్తే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. నేత సాంకేతికత, రంగుల అద్దకం, వస్త్ర ఉత్పత్తి వంటి కోర్సు అయితే పరిశీలనకు వస్తుంది. షెడ్యూల్డ్ తెగలకు గిరిజన వ్యవహారాల శాఖ పథకం వేరుగా ఉంది.

బ్యాంకు విద్యా రుణం సాధారణంగా 7.5 లక్షలు దాటితే ఆస్తి హామీ అడుగుతారు, విదేశీ చదువుకు 15 శాతం మన వాటా పెట్టుకోవాలి. వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు ఈ రుణానికి హామీగా తీసుకోవు. పట్టణంలో ఇల్లో స్థలమో కావాలి. అలాంటి ఆస్తి ఒక్కటే ఉంటే, దాన్ని మూడేళ్ల డిగ్రీకి తాకట్టు పెట్టడం కంటే పీజీకి అట్టేపెట్టడం మేలు.

పోర్ట్‌ఫోలియో

ఏ దేశమైనా డిజైన్ కోర్సుకు చివరికి నిర్ణయించేది ఇదే, మన పిల్లలు వెనకబడేదీ ఇక్కడే. కోచింగ్ కేంద్రాల్లో నేర్పే నునుపైన బొమ్మలు, పొడుగు కాళ్ల అమ్మాయిలు, మెరిసే గౌన్లు ఇరవై పేజీలు పెట్టి పంపుతారు. ప్రవేశ కమిటీ వెతికేది ఆలోచన ఎక్కడ మొదలై ఎలా మలుపు తిరిగిందన్నది. బ్లౌజు కుడితే చంక దగ్గర ముడత పడిందనుకోండి. ఆ ముడత ఫొటో, చంక గీతను అరంగుళం మార్చిన ప్యాటర్న్ కాగితం, రెండోసారి కుట్టిన బ్లౌజు ఫొటో, ఈ మూడూ ఒకే పేజీలో ఉంటే అది పది బొమ్మలకంటే ఎక్కువ చెబుతుంది. పట్టు అంచు గురించి పేజీ పెడితే చీరను తిరగేసి వెనకవైపు ఫొటో తీయండి. కుంభం మొన ఒంటి రంగులోకి తేలే చోట పేక (అడ్డు) దారం ఎలా వెనక్కి మళ్లిందో దగ్గరగా చూపి, ఆ మలుపునే ఒక జాకెట్ కాలరుకు ఎలా వాడాలనుకున్నారో పక్కన గీయండి. నేసినవారి పేరు రాయండి. ఇతరుల పనిని తమదిగా చూపారన్న అనుమానం వస్తే దరఖాస్తు మొత్తం పోతుంది.

పత్రాల విషయంలో మన ప్రాంతపు చిక్కు పేర్లది. తెలుగు ఇళ్లలో ఇంటిపేరు ముందుంటుంది, ఒడిశా బోర్డు ధ్రువపత్రాల్లో చివరకు వెళ్తుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా మిగులుతుంది, పాస్‌పోర్టులో మరోలా పడుతుంది. విశ్వవిద్యాలయం, బ్యాంకు, వీసా కేంద్రం ముగ్గురూ దీన్ని పట్టుకుంటారు. పదో తరగతి ధ్రువపత్రంలోని పేరును ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపోయేలా దరఖాస్తుకు ఏడాది ముందే సవరించుకోవాలి.

ప్లస్ టూ రెండో ఏడాదిలో ఉన్నవారు నిఫ్ట్, విదేశీ డిగ్రీ అనే రెండు దారులనూ ఒకేసారి తెరిచి ఉంచుకోవచ్చు. నిఫ్ట్ ప్రవేశ పరీక్ష చలికాలంలో జరుగుతుంది. బ్రిటన్ దరఖాస్తుల ప్రధాన గడువు జనవరిలో పడుతుంది, ఫలితాలు రాకముందే షరతులతో కూడిన ప్రవేశం ఇస్తారు. బ్రిటన్ దరఖాస్తుకు పోర్ట్‌ఫోలియో పని దసరా నాటికి సగమైనా అయి ఉండాలి. నిఫ్ట్‌లో సీటు వస్తే చేరండి, విదేశీ ప్రవేశాన్ని వదులుకోండి. నిఫ్ట్ రాక విదేశీ ప్రవేశం మాత్రమే వస్తే, ముందుగా డబ్బు కట్టమనే ఏజెంటు మాట వినకుండా ఆ సంస్థ ప్రవేశ విభాగానికే నేరుగా ఉత్తరం రాసి, ఒక ఏడాది వాయిదా వేసుకునే వీలుందేమో అడగండి. ఆ ఏడాదిలో ఊళ్లో ఒక మంచి దర్జీ దగ్గరో, మగ్గం దగ్గరో పని నేర్చుకుంటే మళ్లీ నిఫ్ట్ పరీక్షకు కూడా అది అక్కరకొస్తుంది.